వాల్వు మార్చిన అమ్మకు ఇంట్లోనే ఐఎన్ఆర్ చూడొచ్చా? అసిట్రమ్ మోతాదు మనమే మార్చుకోవచ్చా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. అమ్మగారికి 46 ఏళ్లు. చిన్నప్పటి కీళ్లవాతం జ్వరం వల్ల గుండెలోని మైట్రల్ వాల్వు పాడైతే రెండేళ్ల కిందట మెకానికల్ (కృత్రిమ) వాల్వు పెట్టారు. రక్తం గడ్డకట్టకుండా అసిట్రమ్ మాత్రలు వాడుతున్నారు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి బస్సులో మూడు గంటల దూరం కాబట్టి రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష రెండు మూడు నెలలకోసారి కూడా జరగడం లేదు. అమెరికాలో ఉన్న అన్నయ్య ఇంట్లో చూసుకునే మీటర్ పంపిస్తానంటున్నారు. అది తెప్పించుకోవాలా, అంకె చూసి మాత్రలు మనమే పెంచి తగ్గించుకోవచ్చా, గోంగూర మానాలా, కార్తీకమాసం ఉపవాసాలు ఉండొచ్చా అని అడిగారు.

గుండె ఆపరేషన్ల విభాగంలో ఐఎన్ఆర్ క్లినిక్ చూసుకోవడం చాలా ఏళ్లుగా నా పని. వాల్వు పేషెంట్లకు మోతాదు చీటీ రాయడం, ఇంటివాళ్లకు నేర్పడం అందులోనే వస్తాయి. ముందు సూటిగా చెప్తాను: ఇంట్లో పరీక్ష చేయడం మొదలుపెట్టండి, మీ పరిస్థితిలో అది చాలా మంచి నిర్ణయం. మోతాదు మార్చడం మాత్రం ఇప్పుడే మీ చేతుల్లోకి తీసుకోవద్దు. కొన్ని నెలలు అంకె మీరు చూడండి, మోతాదు డాక్టర్ చెప్పనివ్వండి. మీటరైతే డబ్బు పెట్టి తెచ్చుకోవచ్చు కానీ మోతాదు నిర్ణయం నేర్చుకుంటేనే వస్తుంది. చాలా ఇళ్లలో ఈ రెండింటినీ ఒకటే అనుకుంటున్నారు, నా భయమంతా అక్కడే.

అమ్మగారి విషయంలో ఇంత జాగ్రత్త ఎందుకంటే ఆవిడది మైట్రల్ వాల్వు. అక్కడ రక్తం తక్కువ ఒత్తిడితో నెమ్మదిగా పారుతుంది, అందుకే గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే చోట ఉండే అయోర్టిక్ వాల్వు కంటే మైట్రల్ వాల్వు మీద గడ్డ కట్టే ప్రమాదం ఎక్కువ. అయోర్టిక్ చోట ఇప్పటి రకం వాల్వు ఉండి, వేరే ప్రమాదాలేవీ లేకపోతే ఐఎన్ఆర్ 2 నుంచి 3 మధ్య ఉంటే సాధారణంగా సరిపోతుంది. మైట్రల్‌కు 2.5 నుంచి 3.5 మధ్య ఉంచమంటారు, అంటే గురి 3. మీ డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూడండి, అందులో మీ సర్జన్ రాసిన అంకెలే మీకు లెక్క. పక్కింటాయనకు గుండెదడ ఉందనో, కాలి నరంలో గడ్డ కట్టిందనో 2 నుంచి 3 అని చెప్పి ఉంటారు. ఆయన అంకె అమ్మగారికి పనికిరాదు.

ఐఎన్ఆర్ అంటే రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని మామూలు మనిషి సమయంతో పోల్చి చెప్పే అంకె. మందు వాడని వాళ్లకు 1 దగ్గర ఉంటుంది. ల్యాబుల్లో వాడే రసాయనం ఒక్కో కంపెనీది ఒక్కోలా స్పందిస్తుంది కాబట్టి, ఏ ఊళ్లో చేసినా అంకె ఒకేలా అర్థం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో ఈ పద్ధతిని తెచ్చింది. అయినా చిన్న ల్యాబుల్లో తేడాలు వస్తూనే ఉంటాయి. నీలం మూత ట్యూబులో రక్తం గీత దాకా నింపకపోతే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కొత్త రసాయనం సీసా తెరిచినప్పుడు దాని విలువను మెషీన్‌లో మార్చకపోతే తప్పు లెక్క వస్తుంది. అందుకే వీలైనంత వరకు ఒకే ల్యాబులో చేయించమని అందరికీ చెప్తుంటాను.

మందు ఎలా పనిచేస్తుందో ఒక్క విషయం తెలిస్తే సగం పొరపాట్లు తప్పుతాయి. అసిట్రమ్ రక్తాన్ని నీళ్లలా పలచన చేయదు. కాలేయం విటమిన్ కె వాడుకుని గడ్డకట్టించే ప్రొటీన్లు తయారుచేస్తుంది, ఈ మాత్ర ఆ తయారీని తగ్గిస్తుంది. అప్పటికే రక్తంలో తిరుగుతున్న ప్రొటీన్లు ఖర్చయ్యేదాకా ఫలితం కనిపించదు. వాటిలో ఒకటి కొన్ని గంటల్లోనే తరిగిపోతుంది, ఇంకొకటి రెండు మూడు రోజులు నిలుస్తుంది. అంటే ఈ ఉదయం మీరు చూసే అంకె గత రెండు మూడు రోజుల మాత్రల ఫలితం, నిన్న రాత్రి ఒక్కదానిది కాదు. ఇది తెలియక జరిగేదేమిటంటే: సోమవారం 2.0 వచ్చిందని ఒక మాత్ర ఎక్కువేస్తారు. మంగళవారం చూస్తే 2.1, మళ్లీ ఎక్కువేస్తారు. బుధవారమూ అంతే. శుక్రవారానికి 5 దాటుతుంది, చిగుళ్ల నుంచి రక్తం. మీటర్ ఇంట్లో ఉంటే రోజూ చూడాలనిపిస్తుంది, చూస్తే ఏదో ఒకటి మార్చాలనిపిస్తుంది. ఆ రెండు కోరికలనూ ఆపుకోవడమే ఈ వైద్యంలో మొదటి పాఠం.

పరీక్షే అక్కర్లేని కొత్త మాత్రలు వచ్చాయట కదా అని చాలామంది అడుగుతారు, మీ అన్నయ్య కూడా అడుగుతారు. మెకానికల్ వాల్వు ఉన్నవాళ్లకు అవి వద్దు. ఆ కొత్త మాత్రల్లో ఒకటైన డాబిగాట్రాన్‌ను మెకానికల్ వాల్వు పేషెంట్ల మీద పరీక్షించిన రీ-అలైన్ అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది, ఆ వివరాలు 2013లో వచ్చాయి. ఆ మాత్ర వేసుకున్నవాళ్లలో పక్షవాతాలూ ఎక్కువయ్యాయి, రక్తస్రావాలూ ఎక్కువయ్యాయి. ఏ డాక్టరైనా అలవాటులో ఆ మాత్ర రాసిస్తే, వాల్వు ఉందని గట్టిగా చెప్పండి.

ఇక ఇంటి పరీక్ష నిజంగా మేలు చేస్తుందా? జర్మనీలో 1980లలోనే ఇది మొదలైంది. అక్కడ పేషెంట్లకు క్లాసులు పెట్టి, పరీక్ష చేయడంతో పాటు మోతాదు నిర్ణయించుకోవడం కూడా నేర్పుతారు. ఇప్పుడు లక్షకు పైగా మంది అలా సొంతంగా చూసుకుంటున్నారు. అమెరికాలో దారి వేరు. అక్కడ మెకానికల్ వాల్వు ఉన్నవాళ్లకు వారానికోసారి ఇంట్లో పరీక్ష చేసుకునే ఖర్చును అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ 2002 నుంచి భరిస్తోంది. కానీ ఎక్కువమంది అంకె చూసి ఫోన్లో చెప్తారు, మోతాదు మార్చేది మాత్రం క్లినిక్కే. మీ అన్నయ్య చూసి ఉంటే ఈ రెండో పద్ధతినే చూసి ఉంటారు.

ఈ విషయం మీద జరిగిన 28 అధ్యయనాలను, దాదాపు తొమ్మిది వేల మంది వివరాలను కలిపి కాక్రేన్ సంస్థ 2016లో సమీక్షించింది. ఇంట్లో చూసుకున్నవాళ్లలో గడ్డల వల్ల వచ్చే ప్రమాదాలు నూటికి నలభై వంతు దాకా తగ్గాయి. పెద్ద రక్తస్రావాలు తగ్గలేదు, పెరగనూ లేదు. మరణాలు మాత్రం పరీక్షతో పాటు మోతాదు కూడా సొంతంగా చూసుకున్నవాళ్లలోనే తగ్గాయి, పరీక్ష మాత్రమే చేసుకున్నవాళ్లలో ఆ తేడా కనిపించలేదు. ఇది చదివి "అయితే మోతాదు కూడా మనమే చూసుకుంటే మంచిది కదా" అనుకోవచ్చు. ఆ అధ్యయనాల్లో ఉన్నది శిక్షణ పొందినవాళ్లు, నేర్చుకోగలరని తేలినవాళ్లు. ఒక మీటర్ చేతికిచ్చి ఇంటికి పంపిన వాళ్లు కారు. 2010లో అమెరికా మాజీ సైనికుల్లో 2,922 మందిపై జరిగిన ఇంకో అధ్యయనం కూడా గుర్తుంచుకోవాలి. అక్కడ ఇంట్లో వారం వారం చూసుకున్నవాళ్లకూ, మంచి క్లినిక్‌లో నెలకోసారి చూపించుకున్నవాళ్లకూ పక్షవాతం, పెద్ద రక్తస్రావం, మరణం విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే మీటర్‌లో మహిమ ఏమీ లేదు, క్రమం తప్పని పరీక్షలోనూ సరైన మోతాదులోనూ ఉంది. మీ అమ్మగారికి ఇప్పుడు లేనిది ఆ క్రమమే. అది మీటర్‌తో వచ్చినా సరే, మండల కేంద్రంలో నమ్మకమైన ల్యాబుతోనూ ఫోనులో దొరికే డాక్టరుతోనూ వచ్చినా సరే.

అందుకే ఖర్చు లెక్క ముందు వేసుకోండి. మీటర్ ఒకసారి కొంటారు, పరీక్షకొకటి చొప్పున రక్తం చుక్క అంటించే స్ట్రిప్పులు ఆవిడ ఉన్నన్నాళ్లూ కొనాలి. అన్నయ్య అమెరికాలో కొని పంపే మోడల్‌కు ఇక్కడ స్ట్రిప్పులు దొరుకుతాయో లేదో తెలియకుండా తెప్పించవద్దు. ఇక్కడి సరఫరాదారు దగ్గర ఇక్కడే కొని, డబ్బు అన్నయ్య పంపితే మేలు. సర్వీసు కూడా ఇక్కడే ఉంటుంది. పాత మీటర్లు, ఎవరో వాడి అమ్మేవి అసలు వద్దు. ఇన్‌రేషియో అనే మీటర్ తప్పు అంకెలు చూపిస్తోందని 2016లో మార్కెట్ నుంచే తీసేశారు. కోయాగుచెక్ మంచిపేరున్న మీటరే, దాని స్ట్రిప్పుల్లో కొన్ని బ్యాచులు 4.5 పైన అంకెలను ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తున్నాయని 2018లో వెనక్కి పిలిపించారు. కాబట్టి పెట్టె మీద బ్యాచ్ నంబరు రాసి దాచుకోండి.

స్ట్రిప్పులకు మన ఎండలు పెద్ద శత్రువు. 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచమని డబ్బా మీదే ఉంటుంది. మే నెలలో రేకుల కప్పు కింద అలమరలో పెడితే పాడైనట్టే. ఫ్రిజ్ తలుపు దగ్గర పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు. కొరియర్‌లో వేసవిలో తెప్పిస్తే ఎన్ని రోజులు గోడౌన్లో ఎండిందో ఎవరూ చెప్పలేరు, వేసవికి ముందే సరిపడా తెచ్చుకోండి. గది మరీ వేడిగా, 32 డిగ్రీలు దాటి ఉంటే మీటర్ కూడా పనిచేయకపోవచ్చు. ఉదయం ఆరు ఏడు గంటల మధ్య చల్లదనంలో చేయండి.

పరీక్ష విధానం మీటర్‌తో పాటు వచ్చే పుస్తకంలో ఉంటుంది, నేను ఎక్కువగా చూసే తప్పులు మాత్రం చెప్తాను. గోరువెచ్చని నీళ్లలో సబ్బుతో చేతులు కడిగి పూర్తిగా తుడుచుకోవాలి. తడి ఉంటే చుక్క పలచబడుతుంది. చేయి కిందికి వేలాడదీసి కాసేపు ఊపి, వేలి కొసన పక్కగా గుచ్చాలి. రక్తం రాలేదని వేలిని గట్టిగా పిండకూడదు. పిండితే కండలోని ద్రవం కలిసి అంకె మారుతుంది. మొదటి చుక్కనే, గుచ్చిన పదిహేను సెకన్లలోపు స్ట్రిప్పుకు అంటించాలి. చాలకపోతే పైన ఇంకో చుక్క వేయకండి. ఇంకో వేలు, ఇంకో స్ట్రిప్పు. ఇక్కడ పొదుపు చేయొద్దు. షుగర్ పరీక్షలో మొదటి చుక్క తుడిచేసే అలవాటు మన ఇళ్లలో చాలామందికి ఉంది, దీనికి అది పనికిరాదు.

మొదటిరోజు మీటర్‌తో నేరుగా ల్యాబుకు వెళ్లండి. అక్కడ నరంలో రక్తం తీసిన వెంటనే వేలి పరీక్ష కూడా చేసి రెండు అంకెలూ రాయండి. 2 నుంచి 4 మధ్య అర పాయింటు దాకా తేడా మామూలే. అంతకంటే ఎక్కువుంటే డాక్టర్‌కు చెప్పకుండా ఆ మీటర్ వాడకండి. ఆ తర్వాత ఆరు నెలలకోసారి ఇలా పోల్చుకోవాలి. మీటర్ 4.5 పైన ఏదైనా చూపిస్తే దాన్ని అంకెగా కాక హెచ్చరికగా తీసుకోండి, ల్యాబులో చూపించి తేల్చుకోండి. ఇంకో ముఖ్యమైన మాట: మన ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ. రక్తం బాగా తక్కువైతే ఈ మీటర్లు సరిగా చూపవు. ఎర్రకణాల శాతం 25 కంటే తగ్గితే, అంటే హిమోగ్లోబిన్ సుమారు 8 కంటే దిగితే మీటర్‌ను నమ్మలేం. అమ్మగారి హిమోగ్లోబిన్ ఎంతుందో ముందే చూపించండి. 46 ఏళ్లంటే నెలసరి గతి తప్పే వయసు, ఈ మాత్రలతో నెలసరిలో రక్తం విపరీతంగా పోవచ్చు. చాలామంది చెప్పుకోరు, గుట్టుగా మాత్రలు మానేస్తారు. అమ్మగారిని మీరే అడగండి. ఎక్కువగా పోతుంటే గైనకాలజిస్టుకు చూపించాలి తప్ప అసిట్రమ్ ఆపకూడదు.

మోతాదు సంగతికొస్తాను. మీరు రాసిన చీటీ ప్రకారం సోమ, బుధ, శుక్రవారాల్లో 3 మిల్లీగ్రాములు, మిగతా రోజుల్లో 2. అంటే వారానికి 17 మిల్లీగ్రాములు. మేము ఎప్పుడూ ఈ వారం మొత్తాన్నే చూస్తాం, రోజు మాత్రను కాదు. అంకె గురికి కొంచెం అటూ ఇటూ ఉంటే వారం మొత్తంలో అయిదు నుంచి ఇరవై శాతం లోపలే మారుస్తాం, ఎక్కువసార్లు పది దగ్గరే ఆగుతాం. మీ చీటీలో సోమ, శుక్రవారాల 3ను 2 చేస్తే వారానికి 15 అవుతుంది, అంటే సుమారు పన్నెండు శాతం తగ్గింపు. అంత చిన్న మార్పు. ఆ తర్వాత వారం ఆగి మళ్లీ చూస్తాం. కారణమేమీ లేకుండా 3.7 వచ్చిందనుకోండి, చాలాసార్లు అసలేమీ మార్చం, వారం తర్వాత మళ్లీ చూడమంటాం. మార్చకుండా ఉండాల్సిందెప్పుడో తెలియడమే నేర్పుకు గుర్తు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు కష్టంగా ఉండేదీ అదే.

కాబట్టి మీ కార్డియాలజిస్టు దగ్గరకు ఒకసారి వెళ్లి ఒక కాగితం రాయించుకోండి. దాని మీద అమ్మగారి గురి, ఏ అంకెకు ఏం చేయాలి, ఏ అంకెకు ఫోన్ చేయాలి, ఏ అంకెకు వెంటనే బయల్దేరాలి అన్నవి నాలుగైదు వరుసల్లో ఉండాలి. ఈ కాగితం లేకుండా మీటర్ కొనొద్దని నేను గట్టిగా చెప్తాను. మైట్రల్ వాల్వు ఉండి 2 కంటే కిందికి వస్తే ఫోన్ చేయాల్సిందే. 1.5 లాంటి అంకె వస్తే గడ్డ కట్టకుండా కొన్నాళ్లు పొట్ట మీద హెపారిన్ సూదులు అవసరం కావచ్చు, అది డాక్టర్ నిర్ణయం. 5 దాటితే, రక్తం ఎక్కడా పోకపోయినా, ఆ రోజు మాత్ర వేయకుండా ఫోన్ చేయండి. విటమిన్ కె సూది వేయించుకోమని ఎవరైనా చెప్తే ముందు మీ డాక్టర్‌తో మాట్లాడండి. పెద్ద మోతాదులో అది ఎక్కితే అంకె పడిపోయి, తర్వాత రోజుల తరబడి అసిట్రమ్ పనిచేయదు, ఆలోగా వాల్వు మీద గడ్డ కట్టే ప్రమాదం ఉంది. ఎక్కడైనా ఆగకుండా రక్తం పోతుంటే మాత్రం ఇవేమీ చూడకండి, ఆసుపత్రికి వెళ్లండి.

కొన్ని నెలల పాటు వారం వారం అంకె పంపి, దానికి మీరైతే ఏం చేసేవారో ముందే నోటు పుస్తకంలో రాసుకుని, తర్వాత డాక్టర్ చెప్పింది చూడండి. మీరు రాసినదీ ఆయన చెప్పినదీ వరుసగా కలుస్తుంటే, చిన్న మార్పులు మీకు వదిలేయమని ఆయన్నే అడగండి. సొంత నిర్వహణలోకి నేను చూసినవాళ్లలో బాగా వెళ్లినవాళ్లందరూ ఈ దారిలోనే వెళ్లారు, అందులో పదో తరగతి దాటనివాళ్లు కూడా ఉన్నారు. చదువు కంటే పుస్తకం క్రమంగా రాసే అలవాటే ఎక్కువ పనికొస్తుంది. తేదీ, అంకె, ఆ వారం మోతాదు, మర్చిపోయిన మాత్ర, కొత్త మందు, జ్వరం, విరేచనాలు ఇవన్నీ రాయండి.

మాత్ర రోజూ సాయంత్రం ఒకే వేళకు వేయండి. ఉదయం పరీక్ష చేసి డాక్టర్‌తో మాట్లాడాక, అదే రోజు మోతాదు మార్చుకునే వీలుంటుంది. మర్చిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. మరుసటిరోజు గుర్తొస్తే పోయింది పోయినట్టే, రెండూ కలిపి వేయకూడదు. 1, 2, 3, 4 మిల్లీగ్రాముల పట్టీలు వేరు వేరు డబ్బాల్లో పెట్టండి. మందుల షాపువాడు "అసిట్రమ్ లేదు, వార్ఫ్ ఇస్తాను, రెండూ ఒకటే" అంటే తీసుకోవద్దు. రెండూ ఒకే జాతి మందులే అయినా వార్ఫ్‌లో ఉండే వార్ఫరిన్ ఒంట్లో చాలా ఎక్కువసేపు ఉంటుంది, మిల్లీగ్రాముకు మిల్లీగ్రాము సమానం కాదు.

అంకె తారుమారు కావడానికి నేను చూసిన కారణాల్లో తిండి కంటే వేరే మందులే ఎక్కువ. విరేచనాలకని మెట్రోజిల్, మూత్రంలో మంటకని సెప్ట్రాన్, ఫంగస్‌కని ఫ్లూకోనజోల్: ఇవి వారంలోపే ఐఎన్ఆర్‌ను రెట్టింపు చేయగలవు. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ దానికి వ్యతిరేకం, అసిట్రమ్ ఎంత వేసినా అంకె ఎక్కదు. పైగా టీబీ కోర్సు అయిపోయి రిఫాంపిసిన్ ఆపాక, పెంచిన మోతాదు అలాగే ఉండిపోతే అంకె ఆకాశానికెక్కుతుంది. ఫిట్స్ మందులూ, థైరాయిడ్ మాత్రలూ లెక్కను మారుస్తాయి. కొత్త మందు ఏది మొదలుపెట్టినా, ఆపినా, మూడు నుంచి అయిదు రోజుల్లో ఒకసారి పరీక్ష చేయండి. ఇంట్లో మీటర్ ఉండటం వల్ల అతి పెద్ద లాభం నా దృష్టిలో ఇదే. నొప్పులకు డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ వద్దే వద్దు. అవి అంకె మారకుండానే కడుపులో రక్తస్రావం తెప్పించగలవు. పారాసిటమాల్ వేసుకోవచ్చు, అదైనా పెద్ద మోతాదులో రోజుల తరబడి వాడితే అంకె పెరుగుతుంది. కీళ్లనొప్పులకు ఇచ్చే చూర్ణాలు, కషాయాలు ఏముంటాయో తెలియకుండా తాగించొద్దు.

ఊళ్లో ఆర్ఎంపీ డాక్టర్‌కు ఈ విషయం మీరే ముందుగా వెళ్లి చెప్పిరండి: అమ్మకు పిరుదు మీద, జబ్బ మీద కండలో సూది వేయకూడదు. మన ఊళ్లలో జ్వరమంటే సూది వేయించుకోనిదే తృప్తి ఉండదు. ఈ మాత్రలు వాడేవాళ్లకు కండలో రక్తం చేరి తొడంతా నల్లబడి వాచిపోవడం నేను చాలాసార్లు చూశాను. కీళ్లవాతం జ్వరం తిరగబెట్టకుండా మూడు వారాలకోసారి వేసే పెనిడ్యూర్ సూది ఆవిడకు ఇంకా నడుస్తుంటే, దాని బదులు మాత్రలు ఇవ్వొచ్చేమో కార్డియాలజిస్టును అడగండి, మీ అంతట మీరు ఆపకండి. పన్ను పీకాలన్నా అంతే: ఐఎన్ఆర్ గురిలో ఉంటే చాలాసార్లు అసిట్రమ్ ఆపకుండానే పీకొచ్చు. కానీ వాల్వుకు ఇన్ఫెక్షన్ రాకుండా ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలి. ఆ రెండూ దంతవైద్యుడికి ముందే తెలియాలి.

గోంగూర మానక్కర్లేదు. తోటకూర, పాలకూర, మునగాకు కూడా మానక్కర్లేదు. ఆకుకూరల్లో విటమిన్ కె ఎక్కువే. వంద గ్రాముల పచ్చి పాలకూరలో 480 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది, పెద్దావిడకు రోజుకు కావాల్సింది 90 మాత్రమే. అయినా ఇబ్బంది తినడంతో రాదు, ఒక వారం కంచం నిండా తిని ఇంకో వారం పూర్తిగా మానేయడంతో వస్తుంది. వారానికి మూడుసార్లు ఆకుకూర తినే ఇల్లైతే ఎప్పుడూ అలాగే తినండి, మోతాదును దానికి సరిపెట్టుకుంటాం. ఆకుకూరలు పూర్తిగా మానేసినవాళ్లలోనే అంకె ఎక్కువ ఊగుతుంది, ఎందుకంటే ఒంట్లో నిల్వ లేకపోతే ఒక్క పూట గోంగూర పప్పు కూడా తేడా చేస్తుంది. మునగాకు పొడి, గోధుమగడ్డి రసం, విటమిన్ మాత్రలు కొత్తగా మొదలుపెట్టడం మాత్రం చెప్పకుండా చేయొద్దు.

మెకానికల్ వాల్వు టిక్కుటిక్కుమని చప్పుడు చేస్తుందని ఇంట్లో అందరికీ తెలిసే ఉంటుంది. రాత్రి నిశ్శబ్దంలో పక్కవాళ్లకు వినిపించే ఆ చప్పుడు మొద్దుబారినట్టయినా, వినిపించకుండా పోయినా, దాంతో పాటు ఆయాసం వచ్చినా వాల్వు మీద గడ్డ కట్టిందేమో అని అనుమానించాలి. మీటర్‌లో అంకె బాగుందని ఆగకండి. మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి. తలకు దెబ్బ తగిలితే, పైకి గాయం లేకపోయినా, ఆసుపత్రికి తీసుకెళ్లి స్కాన్ తీయించాలి. మలం తారులా నల్లగా వచ్చినా అదే రోజు చూపించాలి. ఇలాంటప్పుడు చూపించడానికి వాల్వు పేరు, సైజు, ఆపరేషన్ తేదీ, గురి అంకె రాసిన చీటీ అమ్మగారి పర్సులో ఎప్పుడూ ఉండాలి.

చివరిది, కార్తీకమాసం. సోమవారం పగలంతా ఉపవాసం ఉండి రాత్రికి తినేదైతే సాధారణంగా ఇబ్బంది ఉండదు, సాయంత్రం మాత్ర మాత్రం మానకూడదు. కొద్దిపాటి నీళ్లతో మాత్ర వేసుకుంటే ఉపవాసం భంగమవుతుందని అమ్మగారు అనుకుంటే, ముందే ఆవిడతో మాట్లాడి ఒప్పించండి. నెలంతా ఒక్కపూట భోజనం చేసేవాళ్ల సంగతి వేరు. తిండి తగ్గితే విటమిన్ కె తగ్గుతుంది, అంకె పైకి పాకుతుంది. అలా ఉండాలనుకుంటే మొదలుపెట్టిన అయిదారు రోజులకు ఒకసారి పరీక్ష చేయండి, నెలంతా వారం వారం చూడండి, మామూలు భోజనానికి వచ్చిన వారానికి మళ్లీ చూడండి. మధ్యలో మోతాదు తగ్గించి ఉంటే అప్పుడు తిరిగి పెంచాల్సి వస్తుంది. నీళ్లు కూడా ముట్టని నిర్జల ఉపవాసాలు, ముఖ్యంగా ఆవిడ నీరు తగ్గే మాత్రలు కూడా వాడుతుంటే, వద్దని చెప్పండి.